మిట్ట కింద స్టేషన్ మాస్టరు

మొన్న పుంగనూరులో మదనపల్లె బస్సెక్కితే డ్రైవరు వెనక సీటే దొరికింది. ఊరు దాటగానే మా ముందు ఒక ట్రాక్టరు తగులుకుంది. ట్రెయిలరు నిండా టమోటా క్రేట్లు, వాటి మీద తాడు, తాడు పట్టుకుని ఒక మనిషి. మిట్ట ఎక్కలేక మూలుగుతోంది. మా డ్రైవరు కుడివైపుకు తొంగిచూస్తాడు, ఎదురుగా లారీ కనబడగానే మళ్లీ వెనక్కి తగ్గుతాడు. బస్సులో సగం మంది సైడు కొట్టమంటున్నారు, సగం మంది వద్దంటున్నారు. నేను రెండు చేతులతో కమ్మీ పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు మా పాత సారు గుర్తొచ్చారు.

ఆయనైతే మదనపల్లె దాకా ఆ ట్రాక్టరు వెనకాలే పొమ్మనేవారు. మార్కెట్ యార్డు దగ్గర దిగి, పైన కూర్చున్న ఆ మనిషి కూడా క్షేమంగా దిగాడో లేదో చూసి గానీ కదిలేవారు కాదు. రిటైరయ్యాక వాల్మీకిపురంలో ఉండేవారు. పోయిన ఏడాది చనిపోయారని నాకు ఎవరో ఆలస్యంగా చెప్పారు. ఆ రోజు డ్యూటీలో ఉండి సరిగ్గా బాధపడలేదు. ఆ బాధేదో మొన్న బస్సులో పడ్డాను.

ఆయన నా మొదటి స్టేషన్ మాస్టరు. నేను అసిస్టెంటుగా చేరాను. కుప్పం దగ్గర చిన్న స్టేషన్ అది. ఎక్స్‌ప్రెస్‌లు ఆగవు, ప్యాసింజరు ఆగినా ఎక్కేవాళ్లు తక్కువ. స్టేషన్ దాటగానే మిట్ట మొదలవుతుంది, పట్టాలు కొండల మధ్య నుంచి పైకి పోతాయి. ఆ మిట్ట వల్లే మా స్టేషన్‌కు పని. బొగ్గు, సిమెంటు, ఎరువుల మూటలు మోసుకొచ్చే గూడ్సులు మెల్లగా వస్తాయి. కంటైనర్లు, కొత్త కార్లు తెచ్చే గూడ్సులు వాటి వెనక తరుముకుంటూ వస్తాయి. మెల్లగా పోయేదాన్ని పక్కన లూపు లైన్లోకి తప్పించి, వేగంగా పోయేదానికి దారివ్వాలి. అది పోయాక లూపులోదాన్ని వదలాలి. చెప్పుకుంటే మా ఉద్యోగం ఇంతే. చేసేటప్పుడు మాత్రం ఒక్క క్షణం కన్ను తిప్పడానికి ఉండదు.

ఆయన మెల్లగా పోయేవాటిని నడక బండ్లనీ, వేగంగా పోయేవాటిని దౌడు బండ్లనీ అనేవారు. కంట్రోల్ వాళ్లతో ఫోన్లో కూడా అలాగే అనేవారు. కంట్రోల్ అంటే ఎక్కడో పెద్ద ఊళ్లో కూర్చుని, ఏ బండి ముందు పోవాలో ఏది ఆగాలో చెప్పే ఆఫీసు. అక్కడివాళ్లు కన్నడం, తెలుగు, ఇంగ్లీషు కలిపి విసుక్కునేవాళ్లు. ఈయన దేనికీ తడుముకోకుండా, చెప్పిందే మళ్లీ ఒకసారి అడిగేవారు. అడిగి, ఫోన్ పెట్టేసి, నా వైపు తిరిగి, "దౌడుకే దారి అన్న్యాడు గదమ్మా?" అని నన్నూ అడిగేవారు. ఫోన్ పట్టుకున్నది నేను కాదు కదా అని లోపల తిట్టుకునేదాన్ని.

మాది సోమల పక్క పల్లె. మా అమ్మ టమోటా తోటల్లో కూలికి పోయి నన్ను చదివించింది. ఉద్యోగం వచ్చిందని ఊరంతా చెప్పుకుని, కొత్త చీరల్లో డ్యూటీకి వచ్చినదాన్ని. ఇట్లాంటి పిరికి మనిషి చేతికింద పడ్డానేమిటా అనిపించింది. సంగటి, చెనిక్కాయల చట్నీ తెచ్చుకుని నిలబడే తినేవారు. ఒక చెయ్యి కంచంలో, ఒక కన్ను సిగ్నళ్లు చూపించే ప్యానెల్ మీద. ఇంటికి ఫోన్ చేస్తే మొదటి మాట గ్యాసు కట్టేశావా అని, ఆఖరి మాట మళ్లీ చూడు అని. మధ్యలో వాళ్లావిడ ఏమైనా చెప్పుకోగలిగితే ఆమె అదృష్టం.

అన్నిటికన్నా నన్ను విసిగించింది తోక. గూడ్సు ఆఖరి డబ్బాకు వెనక ఒక బోర్డు ఉంటుంది. అది కనిపిస్తేనే బండి మొత్తం వచ్చినట్టు. కనిపించలేదంటే దారిలో కొన్ని డబ్బాలు తెగి ఎక్కడో పట్టాల మీద మిగిలిపోయినట్టు. ఇప్పుడు ఆ పని మిషన్లు చేస్తున్నాయి. వచ్చిన చక్రాలూ పోయిన చక్రాలూ అవే లెక్క చూసుకుని ప్యానెల్ మీద చూపిస్తాయి. అయినా ఆయన ఎండలో వానలో బయటికి పోయి నిలబడేవారు. నేను డ్యూటీలో ఉంటే నన్ను పంపేవారు. నేను తిరిగి రాగానే అదే ప్రశ్న.

"తోక సూసినావామ్మా?"

"సూసినా సార్."

"నువ్వు సూసినావా, పోర్టరు సూసినా అంటే విన్యావా?"

ఒకసారి స్టేషన్ వాళ్లమంతా కుటుంబాలతో బోయకొండకు పోయాం. దర్శనమై, కోళ్లు కోసి, వండుకుని తిని అందరం దిగొచ్చినా, ఆయన మెట్ల మొదట్లో నిలబడే ఉన్నారు. పోర్టరు అత్తగారు చివరగా దిగుతున్నారని, ఆమె కింది మెట్టు మీద కాలు పెట్టేదాకా వ్యాన్ కదలనివ్వలేదు. మా పోర్టరు నా చెవిలో, మా అత్తకు వెనక బోర్డు కట్టి ఉండాల్సింది అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆయన విన్నారు, ఏమీ అనుకోలేదు.

ఇక కలకడ డ్రైవరు గురించి చెప్పాలి. లోకో పైలట్ అని ఇప్పుడు పెద్ద పేరు పెట్టారు గానీ మా నోటికి డ్రైవరే. కలకడ వైపు మనిషి కాబట్టి అందరం కలకడ డ్రైవరనే పిలిచేవాళ్లం. ఎప్పుడూ బరువు బండ్లే పడేవి ఆయనకు. మా లూపు లైన్లో ఆయన నిలబడినంతసేపు ఇంకెవరూ నిలబడి ఉండరు. కోపిష్టి, కానీ పలకరించకుండా పోడు.

ఒక మధ్యాహ్నం వాన పడుతోంది. ఆయన బొగ్గు బండిని లూపులో పెట్టాం. కాసేపటికి వాకీటాకీలో ఆయన గొంతు వినిపించింది. ఆ గొంతులో కోపం లేదు.

"సార్, మా అమ్మకు బాగలేదంట సార్. మదనపల్లెలో ఆస్పత్రిలో ఉండాది. నన్ను అడగతా ఉందంట. తమ్ముడు ఫోన్ చేసినాడు. నాకు దారిప్పించండి సార్."

డ్రైవరు బండిని దారిలో వదిలేసి దిగడానికి లేదు. పైన పెద్ద స్టేషన్ దాకా పోయి, బండిని ఇంకో డ్రైవరుకు అప్పజెప్పాలి. అక్కడినుంచి మదనపల్లెకు పోవాలి. కాబట్టి ఆ మిట్ట ఎక్కితేనే ఆయన తల్లి దగ్గరికి పోగలడు. సారు అడుగుతానన్నారు. ఫోన్ ఎత్తి కంట్రోల్‌ను అడిగారు. వెనక కంటైనర్ల దౌడు బండి వస్తోంది, దాని వెనక ఎక్స్‌ప్రెస్ ఉంది. అయినా కంట్రోల్ ఆయన ఆ రోజు మంచిగానే మాట్లాడాడు. దౌడు బండి వెనకెక్కడో కొంచెం ఆగిందనీ, ఈ సందులో బొగ్గు బండిని వదలొచ్చనీ అన్నాడు. కానీ మిట్ట మీద నిలబడిపోతే అన్నీ వరసగా ఇరుక్కుంటాయి. అక్కడ వాన చూస్తున్నది మీరు, అది ఎక్కుతుందో లేదో మీరే చెప్పండి, మీరు సరేనంటే పంపుతాను అన్నాడు.

అంతవరకూ ఏదీ సారు మీద పడలేదు. పై నుంచి మాట వచ్చేది, ఈయన చేసేవారు. ఇప్పుడు ఒక్క మాట ఈయన నోటి నుంచి రావాలి. కిటికీలోంచి పట్టాల వైపు చూశారు. నీళ్లు కారుతున్నాయి. తడి పట్టాల మీద బరువు బండి చక్రాలు జారితే పైకీ పోదు, వెనక్కీ రాదు. అది నాకూ తెలుసు. కానీ అంతకన్నా పెద్ద వానలో కూడా బండ్లు ఎక్కడం చూశాను. సార్, పంపండి అనబోయాను. అని ఉంటే నా మాటకు విలువెంతో నాకు తెలియదు.

"ఎక్కదు సార్," అన్నారాయన ఫోన్లో. "పట్టాలు తడిసిపోయి ఉండాయి. కష్టం."

దౌడు బండి మా ముందు నుంచి నీళ్లు చిమ్ముకుంటూ పోయింది. తర్వాత ఎక్స్‌ప్రెస్ పోయింది. దాని వెనక ఇంకో దౌడు బండిని కూడా వదలమన్నారు. వాకీటాకీలో కలకడ డ్రైవరు మళ్లీ అడగలేదు. అడిగి తిట్టి ఉంటే కాస్త నయంగా ఉండేది. అన్నీ పోయాక, వాన ఇంకా పెద్దదయ్యాక, ఆయనకు సిగ్నల్ ఇచ్చాం. బొగ్గు బండి కదిలింది.

సారు బయటికి పోయారు. తోక చూడటానికేమో అనుకుని నేనూ గొడుగు తీసుకుని వెనకాలే వెళ్లాను. తోక మమ్మల్ని దాటి పోయినా ఆయన కదల్లేదు. ప్లాట్‌ఫారం చివర తడుస్తూ నిలబడి, మిట్ట మీద ఇంజను చప్పుడు వింటున్నారు. పెదాలు కదులుతున్నాయి. దగ్గరికి పోతే వినబడింది, నిలబడు, నిలబడు అంటున్నారు. నాకు భయమేసింది. బండి నిలబడిపోతే మా అందరి ప్రాణం మీదికి వస్తుంది. అయినా ఆయనకు అది నిలబడాలి. నిలబడితేనే తను చెప్పింది నిజమవుతుంది. ఇంజను చప్పుడు ఎక్కడా తగ్గకుండా, ఒకే తీరుగా పైకి పోతూ పోతూ కొండ అవతల వినబడకుండా పోయింది.

"ఎక్కేసిందమ్మా," అన్నారు.

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం నేను మరిచిపోలేదు.

తర్వాత ఆ బండి అసిస్టెంటు డ్రైవరు నాకు సంగతి చెప్పాడు. కలకడ డ్రైవరు మదనపల్లె చేరేసరికి తల్లి శవాన్ని ఊరికి తీసుకుపోయారట. ఆమె మధ్యాహ్నమంతా పెద్దోడు వచ్చినాడా అని అడిగి అడిగి, సాయంత్రానికి అడగడం మానేసిందట. ఈ మాట సారుకు చెప్పకుండా ఉంటే బాగుండేది. కానీ ఆయన తిరిగి తిరిగి అడిగితే చెప్పక తప్పలేదు. విన్నాక ఆయన కాసేపు గోడ గడియారం వైపు చూశారు. ముందే వదిలి ఉంటే అందేవాడా లేదా అని మనసులో లెక్క వేస్తున్నారని తెలుస్తూనే ఉంది.

ఆ తర్వాత కలకడ డ్రైవరు మాతో మాట్లాడటం మానేశాడు. పనికి సంబంధించింది తప్ప ఒక్క మాట లేదు. బండి ఆగకుండా పోయేటప్పుడు మేం పచ్చ జెండా పట్టుకుని నిలబడాలి. అంతా బాగుందని డ్రైవరు కూడా ఇంజనులోంచి జెండా చూపించాలి. అది రూలు. కలకడ డ్రైవరు చెయ్యి బయటికి వచ్చేది, జెండా ఊగేది, ముఖం మాత్రం ముందుకే ఉండేది. ఆయన బండి వస్తుందని తెలిస్తే సారు డ్యూటీ దిగినా ఇంటికి పోకుండా కాచుకునేవారు. పెళ్లికొడుకు కోసం కూడా ఎవరూ ఇంతగా ఎదురుచూడరు సార్ అని ఒకసారి ఆటపట్టించాను. ఆయన నవ్వుతారేమో అనుకున్నాను. జెండా తీసుకుని బయటికి పోయారు.

ఇంకో అలవాటు మొదలైంది. లూపులో ఏ బండి నిలబడినా, వాకీటాకీలో ఆ డ్రైవరును ఇంట్లో అందరూ బాగుండారా అని అడిగేవారు. కొందరు డ్రైవర్లు నవ్వుకున్నారు, కొందరు విసుక్కున్నారు. మా స్టేషన్‌కు యోగక్షేమాల స్టేషన్ అని పేరు పెట్టారు. ఒక తమిళ డ్రైవరు మాత్రం తన ఇంటి గొడవలన్నీ వరసగా చెప్పుకునేవాడు, సిగ్నల్ ఇచ్చినా కదిలేవాడు కాదు. కలకడ డ్రైవరును అడిగితే మాత్రం సరే సార్ అనే జవాబు వచ్చేది. అడిగినదానికీ దానికీ పొంతన లేదు.

ఆ మధ్యాహ్నం తను చేసింది సరైందేనా అని ఆయన ఎంతమందిని అడిగారో లెక్క లేదు. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరును అడిగారు, వాళ్లావిడను అడిగారు, టీ తెచ్చే ఆయన్ను కూడా అడిగారు, అట్లా ఆ సంగతి డ్రైవర్లందరికీ తెలిసిపోయింది. అందరం సరైందే అన్నాం. మేం అనేకొద్దీ ఆయనకు గుబులు పెరిగేది. ఒకరోజు ఆయన నిలబడి తింటూ మళ్లీ అదే ఎత్తారు. నాకు ఓపిక అయిపోయింది. ఆ మిట్ట రోజూ ఎక్కేది కలకడ డ్రైవరు కదా సార్, వాకీటాకీ మీ చేతిలోనే ఉండె, ఎక్కుతావా అని ఆ డ్రైవరునే అడిగి ఉండొచ్చు కదా అన్నాను.

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"అడిగితే ఎక్కుతా అంటాడు గదమ్మా," అన్నారు. "అందుకే అడగలా."

అంతకు ముందు ఎవరికీ చెప్పని మాట అది. కంచం తీసి నేనే కడిగాను, అట్లాంటి పని నేనెప్పుడూ చేయలేదు. ఆయన పిరికివాడని నాకు మొదటి నుంచీ తెలుసు. ఆ సంగతి ఆయనకు నాకన్నా బాగా తెలుసునని ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత ఆయన్ను ఆటపట్టించడం తగ్గించాను.

ఆయన రిటైరయ్యే చలికాలంలో, ఒక పొద్దున మంచు కమ్మేసి ఉంది. పట్టాలు వానలో తడిసినట్టే తడిగా ఉన్నాయి. కలకడ డ్రైవరు సిమెంటు బండితో లూపులో ఉన్నాడు. వెనక నుంచి దౌడు బండి వస్తోంది. కంట్రోల్‌లో కొత్త కుర్రాడెవరో ఉన్నట్టున్నాడు. సందు ఉంది, సిమెంటు బండి మిట్ట ఎక్కేటట్టయితే ముందు దాన్ని వదిలేయండి, మీరేమంటారు అన్నాడు. ఆ మాటలు ఫోన్లోంచి నాకూ వినిపించాయి. ఎక్కదు సార్ అనే మాట ఇప్పుడు వస్తుందని ఆయన నోటివైపే చూస్తున్నాను.

ఆయన ఒక్క నిమిషం ఉండమన్నారు. రిసీవరు బల్ల మీద పెట్టి వాకీటాకీ తీసుకున్నారు.

"ఏమప్పా, వెనక దౌడు బండి వస్తా ఉండాది. నువ్వు మిట్ట ఎక్కుతావా? నువ్వు చెప్పినట్లే చేస్తా."

వాకీటాకీలో గరగర తప్ప ఏమీ లేదు. పోనీ వినబడలేదేమో, ఇంకోసారి అడగండి సార్ అనబోయాను. ఆయన వద్దని చెయ్యి చూపించారు.

"ఎక్కుతా సార్," అన్నాడు కలకడ డ్రైవరు.

సారు కంట్రోల్‌కు చెప్పారు, నాకు చెప్పారు, నేను సిగ్నల్ ఇచ్చాను. ఆయన జెండా తీసుకుని బయట నిలబడ్డారు. బండి దాటింది, చెయ్యి బయటికి వచ్చింది, ముఖం ముందుకే ఉంది. తోక దాటింది. ఆయన లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. డ్యూటీలో ఆయన కూర్చోవడం అరుదు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోకుండా ఇంజను చప్పుడే వింటున్నాం. బండిని తోస్తున్నది తనేనన్నట్టు ఆయన మడమలతో నేలను తన్నిపట్టి కూర్చున్నారు. పోవాలి, ఎలాగైనా పోవాలి అని నేనూ లోపల అనుకుంటున్నాను.

సగం మిట్ట మీద చప్పుడు మారింది. ఇంజను ఒక్కసారిగా గట్టిగా అరిచి తగ్గింది, మళ్లీ అరిచింది. తర్వాత ఏమీ లేదు.

ఆ వెంటనే కంట్రోల్ ఫోను మోగింది. దౌడు బండి దగ్గరికి వచ్చేసింది, లైన్ ఎందుకు ఖాళీ కాలేదని అడగడానికి. సారు అటు చూడలేదు. వాకీటాకీ చేతిలో పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

"సార్, నిలబడిపోయినా సార్," అంది వాకీటాకీ. "చక్రాలు జారతా ఉండాయి. ఎంత జేసినా కావడం లేదు."

ఫోను మోగుతోంది. నేను ఎత్తబోతే సారు నా చెయ్యి పట్టుకుని ఆపారు, ఎందుకంటే వాకీటాకీలో గొంతు ఇంకా అయిపోలేదు.

"సార్, ఆ పొద్దు వానలో నన్ను అడిగింటే గూడా ఎక్కుతాననే అనింటాను. ఇట్లే నిలబడిపోయింటానేమో సార్."

సారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ముఖం తుడుచుకున్నారు. ఫోను ఆగి మళ్లీ మోగడం మొదలుపెట్టింది. దౌడు బండి, దాని వెనక మరెన్ని బండ్లో, అన్నీ ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. రిటైరయ్యే ముందు సంజాయిషీ రాసుకోవాల్సి వస్తుంది. అదంతా నాకు తోచిందంటే ఆయనకు నాకన్నా ముందే తోచి ఉంటుంది. ఆయన వాకీటాకీ బటను నొక్కి, నెమ్మదిగా, నేనెప్పుడూ వినని గొంతుతో మాట్లాడారు.

"సరేలేప్పా. బ్రేకులేసుకొని కూసో. వెనక నుంచి ఇంజను తెప్పిస్తా. నువ్వేం గాబరా పడొద్దు, నేనుండా ఈడ."